రెండో పూత తేదీ

మా మామయ్యకు సంతకం పెట్టడం వచ్చు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే బొటనవేలి గుర్తు అనగానే చదువురాని మనిషి అనుకుంటారు. ఆయన ఇళ్లకు రంగులు వేసే పెయింటరు. ఏ డాబా మీద పనిచేసినా, రెండో పూత ఇంకా తడిగా ఉండగానే, వాననీళ్లు పోయే గొట్టం పక్కన పిట్టగోడ మూలలో బొటనవేలు గట్టిగా నొక్కి ఒక గుర్తు వదిలేవాడు. రెండో పూత పడకుండా మాత్రం, ఇంటివాళ్లు కాళ్లావేళ్లా పడినా, వేలు పెట్టేవాడు కాదు. "మొదటి పూతని సిమెంటు తాగేస్తుందిరా, ఎండని ఆపేది రెండోదే" అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పని అయిన మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఆ డాబా ఎక్కి, చెప్పులు విప్పి నిలబడి వంద లెక్కపెట్టేవాడు. వంద దాకా కాలు కదపకుండా నిలబడగలిగితే పని కుదిరినట్టు. కుదరకపోతే చెప్పకుండా వెళ్లి మళ్లీ బ్రష్షు తెచ్చుకునేవాడు.

నేను ఆయన అక్క కొడుకును. మున్సిపల్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి, "ఒరేయ్ గుమాస్తా" అనడం మొదలుపెట్టాడు. అదీ వీధి చివరిదాకా వినబడేలా. అందులో వెక్కిరింత పావలా అయితే మురిపెం ముప్పావలా. నేను విసుక్కున్నట్టు నటించేవాణ్ని కానీ, ఆ పిలుపు వినడానికే ఆయన ఇంటిమీదుగా వెళ్లేవాణ్ని.

మూడేళ్ల కిందట మా మున్సిపాలిటీ వాతావరణ కార్యాచరణ ప్రణాళిక అని నోరు తిరగని పేరుతో ఒక పథకం మొదలుపెట్టింది. అందులో మా వార్డుకు దక్కింది డాబాలకు తెల్లరంగు. ఎండను వెనక్కి కొట్టే రంగు, రెండు పూతలు, అరవై రెండు ఇళ్లకు ఉచితం. ఉచితం అనగానే మా వార్డు జనానికి అనుమానం పట్టుకుంది. అంతకుముందు కాలువ బాగుచేస్తామని తవ్వి, ఏడాదిపాటు మమ్మల్ని చెక్కల మీద నడిపించిన ఘనత మా ఆఫీసుదే. ఒక్క ఇల్లు కూడా తాళం తీసి మేడ మెట్లు చూపించలేదు.

అప్పుడు ఇంజినీరమ్మ మామయ్య దగ్గరకు వచ్చింది. పథకానికి ఆవిడే పెద్ద. కుర్చీ వేస్తే వద్దని గుమ్మంలోనే కూర్చుంది. "బాబాయ్, మీ వేలి గుర్తు గురించి విన్నాను. ఈ ఇళ్లన్నిటికీ మీరే పని చేయించండి, అదే గుర్తు పెట్టండి. దాన్ని ఫోటో తీసి వెబ్‌సైట్‌లో పెడతాం. ఏ ఇంటికి మొదటి పూత ఎప్పుడు పడిందో, రెండోది ఎప్పుడు పడిందో ఎవరైనా చూసుకోవచ్చు. దాపరికం ఏమీ ఉండదు" అంది.

బాబాయ్ అన్న ఆ ఒక్క పిలుపుతో మా మామయ్య వెన్నలా కరిగిపోయాడు. ఇల్లిల్లూ తిరిగాడు. "కాలువ సంగతి నాకు తెలీదు. డాబా మీద నా వేలు ఉందంటే రెండు పూతలు పడ్డట్టే. పడకపోతే నన్నడగండి" అని అరవై రెండు గుమ్మాల్లో మాటిచ్చాడు. నలభయ్యొకటో నంబరు ఇంట్లో ఉండే టైలరమ్మ అయితే, "అన్నయ్యా, నువ్వు చెప్పావు గనక సరే. రంగు పడ్డాక మిషన్ పైగదిలోకి మార్చుకుంటా. కింద వెలుతురు చాలక కళ్లు పోతున్నాయి" అంది.

మొదటి పూత నెల రోజుల్లో అయిపోయింది. రెండో పూతకు రంగు రాలేదు. ఇదిగో అంటూ పది రోజులు, అదిగో అంటూ ఇంకో పది రోజులు గడిచాయి. ఇంతలో ఊళ్లన్నిటి పథకాలనూ పోల్చి చూసేవాళ్లు నివేదిక అడిగారు. గడువు నాలుగు రోజులు. వానలు కూడా దగ్గరపడ్డాయి.

ఇంజినీరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి నేనూ పక్కనే ఉన్నాను. "బాబాయ్, రంగు బయల్దేరింది, వచ్చేవారం మన చేతిలో ఉంటుంది. ఫోటోలు లేకపోతే మన వార్డుని లెక్కలోంచి తీసేస్తారు. ఉన్న రంగుతో మూలల్లో కాస్త రాసి వేలు పెట్టేయండి. వారం తిరక్కుండా పూత వేసేద్దాం."

మామయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత నాకేసి చూశాడు. "ఏమంటావురా గుమాస్తా?"

నన్ను అడిగాడు. ఆఫీసు లోపల ఏం జరుగుతుందో నాకు తెలుస్తుందని అడిగాడు. "పెట్టేయ్ మామయ్యా, వారంలో వచ్చేస్తుందిగా" అన్నాను. ఏ కాగితమూ చూసి అనలేదు. ఇంజినీరమ్మ ముందు పనికొచ్చేవాడిలా కనబడాలని అన్నాను.

రెండు రోజులు ఆయన డాబాలెక్కి అరవై రెండు చోట్ల వేలు పెట్టాడు. మూడో రోజు ఆ ఫోటోలు నా కంప్యూటరులోకి వచ్చాయి. ఒక్కో ఫోటో కింద రెండు గళ్లు ఉన్నాయి, మొదటి పూత తేదీ, రెండో పూత తేదీ. రెండో గడిలో ఏం రాయమంటారని ఇంజినీరమ్మను అడిగాను. "వచ్చేవారం ఎలాగూ వేస్తాంగా, ఫోటో తేదీయే వేసెయ్" అంది. వేసేశాను. భోజనానికి లేచేలోపే అయిపోయింది.

రంగు రాలేదు. మామయ్య ఆరుసార్లు ఆఫీసుకు వచ్చాడు. మొదట్లో ఇంజినీరమ్మ టీ తెప్పించింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత మీటింగులో ఉందన్నారు. మా వార్డు నూటికి నూరు శాతం పూర్తయినట్టు నివేదికలో పడింది. పని పూర్తయిన చోటికి మళ్లీ రంగెందుకు పంపుతారు? మా ఊరికి బహుమతి కూడా వచ్చింది. ఆవిడకు పెద్ద కుర్చీ దొరికింది. వానలకు ఆ ఒక్క పూతా సగం కొట్టుకుపోయింది.

మరుసటి వేసవిలో టైలరమ్మ పైగదిలో మిషన్ మీదే పడిపోయింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది, ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి పంపారు. బతికింది కానీ ఎడమచేయి వణుకు పోలేదు. మామయ్య చూడటానికి వెళితే ఆవిడ తిట్టలేదు. "నీ వేలు చూసే మిషన్ పైకి మార్చాను అన్నయ్యా" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే ఆయన ఆ డాబా ఎక్కి చెప్పులు విప్పాడు. పదకొండు దాకా లెక్కపెట్టగలిగాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

పథకం మీద బహిరంగ విచారణ పెట్టాలని నిబంధన ఉంది, పెట్టారు. కమ్యూనిటీ హాల్లో తెర కట్టి, వేదిక మీద ఇంజినీరమ్మ, పై అధికారి కూర్చున్నారు. జనం నిండిపోయారు. మామయ్య కుంటుకుంటూ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మా వార్డులో ఒక్క ఇంటికీ రెండో పూత పడలేదు. వేయకుండానే నాచేత గుర్తు పెట్టించారు."

పై అధికారి తెర మీద నలభయ్యొకటో నంబరు తెరిపించాడు. గోడంత బొటనవేలు కనబడింది. "ఇది మీ వేలేనా?"

"నాదే."

"రెండో పూత పడితేనే ఈ గుర్తు పెడతానని ఇంటింటికీ చెప్పింది మీరేనా?"

"నేనేనండి. కానీ ఈ అమ్మాయి అడిగితే..."

ఇంజినీరమ్మ మైకు దగ్గరకు లాక్కుంది. గొంతులో చక్కెర ఇంకా అలాగే ఉంది. "బాబాయ్ పెద్దవారు సార్. పాపం, మర్చిపోయుంటారు. ఎవరూ ఆయన్ని ఏమీ అనకండి."

హాల్లో ఎవరో నవ్వారు. ఇంకెవరో, "వేలితోపాటు మనల్నీ అమ్మేశాడు" అన్నారు. ఆ మాట అన్నవాడి ఇంటికి మామయ్య మూడుసార్లు తిరిగి ఒప్పించాడు. నేను గోడవారే నిలబడిపోయాను. నా ఉద్యోగం ఆ వేదిక మీదే కూర్చుని ఉంది.

మామయ్య కళ్లు చికిలించి తెరకేసి చూస్తున్నాడు. వేలి బొమ్మ కింద రెండో పూత తేదీ ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, నమోదు చేసినవారు అని, నా పేరు ఉంది. దాపరికం లేకుండా అన్నీ కనబడాలని పెట్టిన వరస అది. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. తర్వాత తల తిప్పి, గోడవార నిలబడ్డ నాకేసి చూశాడు. లేచి చెప్పడానికి అదే సమయం. నేను చేతిలో కాగితాలు సర్దుకున్నాను.

ఆ సాయంత్రం సిగ్గుపడి, తేదీ తప్పని, రాసింది నేనేనని ఆఫీసుకు ఉత్తరం పెట్టాను. వారం తర్వాత జవాబు వచ్చింది. పారదర్శకత దృష్ట్యా ఒకసారి నమోదైన వివరాలు మార్చే వీలు లేదట.

ఆ జవాబు వచ్చేలోపే మామయ్య పని మొదలుపెట్టాడు. ఇనుప బ్రష్షు పట్టుకుని, బొబ్బల కాళ్లతోనే మేడమెట్లన్నీ ఎక్కి, అరవై రెండు గుర్తులూ గీకేశాడు. సాక్ష్యం చెరిపేస్తున్నాడని కొందరన్నారు. ఆయన తర్వాతి ఇంటి మెట్లెక్కాడు.

మూడో రోజు మా డాబా మీద బ్రష్షు చప్పుడు వినబడింది. మా ఇల్లు ఆ పథకంలో లేదు. ఏడేళ్ల కిందట అమ్మ కోసం ఆయనే తన చేత్తో రెండు పూతలూ వేసి పెట్టిన గుర్తు అది. చెంబుతో నీళ్లు పట్టుకుని పైకి పరుగెత్తాను.

"మామయ్యా, ఇది నిజం గుర్తు కదా. దీన్నెందుకు చెరపడం?"

"చూసేవాడికి ఏది నిజమో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు బ్రష్షు ఆపకుండా.

గుర్తు పోయి కింద సిమెంటు తేలింది. ఆయన మెల్లగా లేచాడు. నీళ్లు తీసుకోలేదు. నా కాళ్లకేసి చూశాడు. కంగారులో నేను చెప్పుల్లేకుండా వచ్చేశాను.

"ఎండగా ఉంది గుమాస్తాగారూ. మీరు కిందికి వెళ్లండి" అన్నాడు.

నాకు బుద్ధి తెలిశాక ఆయన నన్ను మీరు అనడం అదే మొదలు. ఇప్పటికి రెండేళ్లయింది. వీధిలో ఎదురుపడితే పక్కకు తప్పుకుని దారి ఇస్తాడు. పలకరిస్తాడు కూడా. మీరు అనే అంటాడు.