కజాన్‌లో గడపని మూడేళ్లు

బిష్కెక్ శివార్లలో, పెద్ద బజారు దాటాక వచ్చే కొత్త కాలనీలో అసిల్కాన్‌ను ఎరగని ఇల్లు లేదు. యాభై ఆరేళ్ల మనిషి. ప్రతి ఆదివారం పొద్దున్నే కాలనీ గ్రంథాలయం వెనక గదికి పోయి బొగ్గుల పొయ్యి రాజేసేది. ఒక బల్ల, దానికి అటొక కుర్చీ ఇటొక కుర్చీ వేసి, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లే ఆడవాళ్లకు తర్ఫీదు ఇచ్చేది. వచ్చేవాళ్లంతా కుట్టు కార్ఖానాల్లో పొద్దస్తమానం మిషన్ తొక్కేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, కొండ పల్లెల నుంచి దిగివచ్చి ఊళ్లో ఇంకా వేళ్లూనుకోనివాళ్లు. పని వాళ్ల చేతుల్లో ఉంది. ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం నీళ్లు నమిలేవారు.

పెద్దల ముందు తల దించుకోవడం, గొంతు తగ్గించడం వాళ్లకు చిన్ననాటి నుంచీ వచ్చిన మర్యాద. ఆ మర్యాదే బల్ల దగ్గర కొంప ముంచేది. నీలో మంచి గుణం ఏమిటని అసిల్కాన్ అడిగితే, ఒకామె తలగుడ్డ కొస నలుపుతూ అంది:

“అది పదిమందీ చెప్పాలి గానీ, సిగ్గులేకుండా నా నోటితో నేనెట్లా చెప్పుకుంటానక్కా?”

“ఆ పదిమందీ నీతో గదిలోకి రారమ్మా. నువ్వొక్కదానివే పోతావు.”

అసిల్కాన్‌కు ఈ సంగతులు పుస్తకాల వల్ల తెలిసినవి కావు. వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్లు ఒక బట్టల ఫ్యాక్టరీలో, మనుషుల్ని పనిలోకి తీసుకునే విభాగంలో పనిచేసింది. మాట తడబడినవాళ్ల దరఖాస్తు మూల పెన్సిల్‌తో చిన్న గీత గీసేది. గీత పడిన కాగితం అడుగుకు పోయేది, మళ్లీ పైకి వచ్చేది కాదు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. తానే పదిహేనేళ్లు బజారులో మేజోళ్లు అమ్మింది. ఒకసారి ఒక దుకాణంలో ఉద్యోగానికి వెళ్లి, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నదాని ముందు కూర్చుని నోరు పెగలక లేచి వచ్చేసింది. ఆ ఏడే గ్రంథాలయం వాళ్లను అడిగి ఈ గది తెరిపించుకుంది.

బాత్మా ఆ గదికి వచ్చింది ఒక శరత్కాలంలో. నారిన్ కొండల వైపు పిల్ల, ముప్పై ఆరేళ్లుంటాయి. చేతులు బట్టల సోడాకు పగిలి ఎర్రగా ఉండేవి. రోజుకూలికి హోటల్ గదులు శుభ్రం చేసేది. దుప్పటి ముట్టుకుని అది ఎన్ని ఉతుకులు చూసిందో చెప్పగలదు. నగరం నడిబొడ్డున కొత్తగా తెరిచిన ఒక హోటల్లో అంతస్తుకొక సూపర్‌వైజర్ కావాలన్నారు. ఆ పని తాను చేయగలనని ఆమెకు తెలుసు, అసిల్కాన్‌కు మొదటి గంటలోనే తెలిసింది. కానీ ఆమె చెప్పుకునే పని అనుభవంలో మూడేళ్లు ఖాళీగా ఉన్నాయి.

మిగతావాళ్లు వెళ్లిపోయాక బాత్మా ఆ మూడేళ్ల సంగతి చెప్పింది. మొగుడు కొట్టేవాడు. ఏళ్ల తరబడి కొట్టాడు. ఒకరోజు పిండి వత్తుతుండగా మీదికి వచ్చాడు. చేతిలో ఉన్న రొట్టెల కర్రతో తిప్పి కొట్టింది. అతని కన్ను పోయింది. మూడేళ్లు ఆడవాళ్ల జైల్లో ఉంది. అక్కడి బట్టల ఉతుకుడంతా చివరికి ఆమె అజమాయిషీ కిందికే వచ్చింది. ఎవరు ఏ పని చేయాలో, ఏ రోజు ఏ బ్యారక్ దుప్పట్లు ఉతకాలో అన్నీ ఆమే చూసుకునేది. మనుషుల చేత పని చేయించడం అక్కడే నేర్చుకుంది. ఆమెకున్న అసలైన అనుభవం అదే, బయటికి చెప్పుకోలేనిదీ అదే.

తాను నిజమే చెప్పేస్తానంది బాత్మా. ఒకరి కళ్లలోకి చూస్తూ అబద్ధమాడటం తన వల్ల కాదంది.

“నిజం చెబితే ఆ బల్ల దగ్గర ఏమవుతుందో నాకు తెలుసు,” అంది అసిల్కాన్. “ఒకప్పుడు అవతలి కుర్చీలో కూర్చున్నదాన్ని నేనే.”

అసిల్కాన్ చెల్లెలు కొన్నేళ్లు రష్యన్ నగరం కజాన్‌లో ఒక హోటల్ లాండ్రీలో పనిచేసి వచ్చింది. ఆ చెల్లెలి దగ్గర వీధుల పేర్లు, ట్రాముల నంబర్లు, పై అధికారి తిట్లు అన్నీ అడిగి తెలుసుకుంది. ఆ మూడేళ్లూ బాత్మా కజాన్‌లో ఉన్నట్టు కథ కట్టింది. ఐదు ఆదివారాలు అదే పని. మొదట్లో ఆ ఊరి పేరు ఎత్తగానే బాత్మా మెడ ఎర్రబడేది. ఐదో వారానికి తడుముకోకుండా చెప్పింది. గదిలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. బాత్మా నవ్వలేదు.

“నిజంగానే అక్కడున్నట్టు నాకే అనిపిస్తోందక్కా. ఇదేం బాగాలేదు.”

అసిల్కాన్ ఆ మాటను పట్టించుకోలేదు.

ఉద్యోగం వచ్చింది. బాత్మా వేడివేడిగా బోర్సోకులనే పిండి బిళ్లలు నూనెలో వేయించి గుడ్డలో మూటగట్టి తెచ్చి అందరికీ పంచింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆమె కబుర్లు వేరేవాళ్ల నోట వస్తూనే ఉన్నాయి. కింద పదహారు మంది పనిచేస్తున్నారట. పాలు తాగే పిల్లలున్న తల్లులకు అనువైన వేళలు చూసి వేసిందట. గదులు తుడిచే ఇద్దరిని కింది అంతస్తులో కూర్చుని చేసే పనికి ఎక్కించిందట. అసిల్కాన్ ఈ మాటలు కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పి ధైర్యం నూరిపోసేది.

వసంతంలో ఆ హోటల్ యాజమాన్యం, సూపర్‌వైజర్లంతా నేరచరిత్ర లేదన్న పోలీసు కాగితం తేవాలని ఆదేశించింది. బాత్మా ఎవరినీ సలహా అడగలేదు. వెళ్లి తన కాగితం తెచ్చుకుంది. అందులో జైలు సంగతి ఉన్నది ఉన్నట్టే ఉంది. దాన్ని అలాగే ఇచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా పంపించేశారు.

వారం తర్వాత ఎవరో చెబితే అసిల్కాన్‌కు తెలిసింది. ఆదరాబాదరాగా బాత్మా అద్దె గదికి పోయింది. బాత్మా టీ పోసింది, రొట్టె తుంచి ముందు పెట్టింది, మర్యాదకు ఏ లోటూ చేయలేదు. కానీ ఎదురుగా కూర్చోలేదు. పిండి పిసుకుతూ గోడవైపు చూసి మాట్లాడింది.

“తప్పు చేశాను, జైలుకు పోయాను, అది తీరిపోయింది. ఇప్పుడు అబద్ధాలకోరువని గెంటేశారు. ఇది ఎన్నేళ్లకు తీరుతుందక్కా?”

అసిల్కాన్ టీ గిన్నె ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది. లేచి వచ్చేసింది.

రెండు ఆదివారాలు గ్రంథాలయం గది తెరవలేదు. తర్వాత ఒకరోజు మంచి కోటు వేసుకుని ఆ హోటల్‌కు వెళ్లింది. బాత్మాను తీసుకున్నదీ పంపించిందీ ఒకతనే, రిస్బెక్ అనే మేనేజరు. నలభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. పెద్దామె వచ్చిందని లేచి కుర్చీ జరిపాడు. కజాన్ కథ అల్లింది తానేనని, ఆ పిల్ల వద్దంటున్నా నోట్లో కుక్కింది తానేనని అసిల్కాన్ చెప్పింది. అతను అడ్డు రాకుండా విన్నాడు.

“ఒక్కమాట అడుగుతాను బాబూ. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే తీసుకునేవాడివా?”

రిస్బెక్ బల్లమీది కలాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

“లేదక్కా. రెండో ప్రశ్న కూడా అడిగేవాణ్ణి కాదు.”

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు నేను ఆమె పని చూశాను. పైవాళ్లు కాగితం చూశారు.”

తిరిగి తీసుకోవడం తన చేతిలో లేదన్నాడు. బాత్మా పనితనం గురించి నాలుగు వాక్యాలు రాసి సంతకం చేసి ఇవ్వగలనన్నాడు. రాసిచ్చాడు.

ఆ ఉత్తరం పట్టుకుని అసిల్కాన్ ఊరంతా తిరిగింది. ఈసారి బాత్మాను వెంట తీసుకుపోలేదు. ముందు తానే వెళ్లి, మనిషి జైలుకు వెళ్లి వచ్చింది, పని మాత్రం బంగారం, మాట్లాడతారా అని అడిగేది. కొందరు టీ ఇచ్చి మరీ కుదరదన్నారు. ఒక చోట, జైలుకు ఎందుకు పోయిందో విని, మా ఇంట్లోనూ రొట్టెల కర్రలున్నాయని ఎకసెక్కంగా నవ్వారు. పన్నెండో చోట ఒక ఆసుపత్రి లాండ్రీ పెద్ద, రయీసా అనే ముసలి రష్యన్ ఆవిడ, ఉత్తరం రెండుసార్లు చదివి పంపించమంది.

బాత్మాను ఒప్పించడానికి మరో పది రోజులు పట్టింది. తీరా వెళ్లాక ఆవిడ అడిగింది రెండే ప్రశ్నలు. ఆ మూడేళ్లు ఎక్కడున్నావంటే జైల్లో అని చెప్పింది బాత్మా, అక్కడ ఏం చేసేదో కూడా చెప్పింది. నెత్తుటి మరక ఎట్లా వదలగొడతావని రెండోది. చన్నీళ్లలో నానేస్తాను, వేడి తగిలితే మరక పట్టేసుకుంటుంది అంది. మర్నాటి నుంచి రమ్మంది ఆవిడ. సూపర్‌వైజరుగా కాదు, ఇస్త్రీ యంత్రం దగ్గర మామూలు పనికి. పదహారు మందికి పని చెప్పిన మనిషి మళ్లీ ఆవిర్ల మధ్య నిలబడి దుప్పట్లు మడతపెట్టింది. షిఫ్టుకు పెద్ద కావడానికి రెండేళ్లు పట్టింది.

దారిలో కనబడితే బాత్మా ఆగి, మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగేది. ఒక్క ఆదివారం గదికి వచ్చి నాలుగు మాటలు చెప్పమని అసిల్కాన్ చాలాసార్లు అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపేది తప్ప కోపంగా ఒక్క మాట అనలేదు. అసిల్కాన్‌కు కోపమే నయమనిపించేది.

ఆ గదిలో ఇప్పుడు కథలు అల్లడం లేదు. దాచాలో చెప్పాలో మీ ఇష్టం, అబద్ధం మాత్రం నేను నేర్పను, నిజం చెబితే ఉద్యోగం వస్తుందని హామీ కూడా ఇవ్వలేను అని మొదటి రోజే చెప్పేస్తుంది. ఆ మాటకే కొందరు మానేశారు. ఒకప్పుడు ఇరవై మంది కూర్చునే చోట తొమ్మిది మంది మిగిలారు.

మొన్న చలికాలంలో ఒక కొత్తావిడ తలుపు దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి లోపలికి వచ్చింది. జైలు నుంచి విడుదలై నెలైందట.

“బాత్మా పంపింది,” అంది. “మీరు అడిగితే అన్నీ ఉన్నదున్నట్టు చెప్పమంది.”

అసిల్కాన్ కుర్చీ చూపించింది. ఏం పని వచ్చో చెప్పమంది. ఆవిడ చెబుతుంటే వింటూ, ఈమెను ముందుగా ఎవరి గడపకు తీసుకెళ్లాలా అని ఆలోచించసాగింది. ఒక్క గడప కూడా వెంటనే మనసుకు తట్టలేదు.