ముప్పై మిల్లీమీటర్ల గడ్డి

ఆ మైదానంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఆటగాళ్ళకీ, కోచ్‌కీ, గేటు దగ్గర టికెట్లు చింపే మనిషికీ ఆయన గడ్డి బాబాయే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఫుట్‌బాల్ క్లబ్బులో గడ్డి పెంచడం, కత్తిరించడం, తడపడం, సున్నంతో గీతలు గీయడం ఆయన పని. "మా ఆయన పెద్ద పెద్దవాళ్ళకే గడ్డి పెడుతుంటాడు" అని భార్య ఇరుగుపొరుగుకి చెప్పి పకపకా నవ్వేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ క్లబ్బు దేశంలోని పై లీగులో ఆడేదన్న మాటే గానీ, చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. ఏటా కప్పు ఎగరేసుకుపోయే పెద్ద క్లబ్బులో ఒక్క గోల్‌కీపర్ జీతంతో ఇక్కడ జట్టంతా ఏడాది బతికేయొచ్చు. అలాంటి వాళ్ళ ఆటంతా బంతిని నేల మీద చకచకా అందించుకోవడమే. గడ్డి పొట్టిగా, నేల సమంగా ఉంటే వాళ్ళని ఆపే నాథుడు లేడు. అందుకని వాళ్ళు వచ్చే వారం బాబాయ్ కోత మిషన్‌కి సెలవిచ్చేవాడు. నిబంధనలు ముప్పై మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటాయి. ఆయన స్కేలు పెట్టి చూసి, వెంట్రుకవాసి కూడా దాటకుండా సరిగ్గా ముప్పై దగ్గర ఆపేవాడు. మైదానం మధ్యలో నీళ్ళు పెట్టేవాడు కాదు, ఎండిన గడ్డి మీద బంతి అక్కడికొచ్చి పడకేసేది. గేటు వైపు మూలలో, కింద పాత గొట్టం కుంగిన చోట మాత్రం నేలకి కడుపునిండా నీళ్ళు పట్టించేవాడు. అక్కడ కోట్లు పోసి కొన్న కాళ్ళు కూడా తడబడేవి. ఐదేళ్ళలో పెద్ద క్లబ్బుతో రెండుసార్లు డ్రా చేసుకున్నారు, ఒకసారి ఏకంగా గెలిచారు. కింది లీగుకి జారిపోకుండా గట్టెక్కింది ఆ పాయింట్లతోనే. పేపర్లు కోచ్‌ని తెగ పొగిడాయి. ఫొటోలో గడ్డి పడిందిగా, అంతే చాలనుకున్నాడు బాబాయ్.

బాబాయ్ వాళ్ళ జట్టులో బొంగరం అని ఒక ఆటగాడు ఉండేవాడు. బంతితో గిరుక్కున తిరిగి ఎదుటివాణ్ణి అక్కడే నిలబెట్టి పోతాడని ఆ పేరు. వాడి మోకాలు దెబ్బతిన్నప్పుడు, రోజూ మెత్తటి నేల మీద నడవమన్నాడు డాక్టరు. ఆరు నెలలు పొద్దున్నే బాబాయ్ పక్కన నడిచాడు. పిల్లల్లేని బాబాయ్‌కి ఆ నడకతో ప్రాణం లేచొచ్చింది. తనకి తెలిసినదంతా వాడికి నూరిపోశాడు.

"ఆ మూలకెళ్తే మాత్రం బంతిని నేల మీద తోయకురా. కాలితో లేపి గాల్లో దాటించు. అవతలివాడు బురదలో వెతుక్కుంటాడు."

"ఇది ఇంకెవరికైనా చెప్పావా బాబాయ్?"

"మీ పిన్నికి చెప్పా. చెప్తుండగానే నిద్రపోయింది."

మోకాలు బాగయ్యాక బొంగరం పది మ్యాచ్‌లు ఆడాడో లేదో, పెద్ద క్లబ్బు వచ్చి కొనేసింది. ఆడించడానికే కొన్నారనుకుంటే పొరపాటు. ఇంకెవరికీ దక్కకూడదని కొని, బెంచీ మీద కూర్చోబెట్టారు. డబ్బు మదం అంటే అదే. ఆ సొమ్ముతో ఇక్కడ స్టాండు పైకప్పు బాగైంది, గోలు కొట్టేవాడే లేకుండా పోయాడు. జట్టు వరసగా ఓడుతూ పట్టికలో అడుక్కి చేరింది.

చివరి మ్యాచ్ డ్రా అయినా చాలు, పై లీగులో ఉంటారు. ఓడితే కిందికే. రాబోయేది పెద్ద క్లబ్బు. కప్పు ఎలాగూ ఖాయమైంది కనుక బెంచీ మీదివాళ్ళనే పంపుతారని తెలిసి ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆ బెంచీ మీద ఎవడున్నాడో తలుచుకుని బాబాయ్‌కి మాత్రం అన్నం సహించలేదు.

"వాడికన్నీ తెలుసుగా. తడి ఇంకో మూలకి మార్చకూడదూ?" అంది భార్య.

"ఇంకెక్కడా నీళ్ళు నిలవవు. అయినా వాడు మనవాడే."

"నీ మొహం. జీతమిచ్చేవాళ్ళ మనిషి వాడిప్పుడు."

డెబ్భై నిమిషాల దాకా గోలు లేదు. గడ్డి తన పని తాను చేసింది. అప్పుడు బొంగరం గేటు వైపు మూలకొచ్చాడు. కాలితో బంతిని లేపి, గాల్లోంచి బురద దాటించాడు. అడ్డుకోవాల్సినవాడు సొంత మైదానంలోనే కూరుకుపోయాడు. బొంగరం లోపలికి తిరిగి గోలు కొట్టి, తలవంచుకుని వెనక్కి నడిచాడు. ఆ ఒక్క గోలుతోనే ఆట ముగిసింది.

తర్వాత వాడే బాబాయ్‌ని వెతుక్కుంటూ వచ్చాడు. "ఐదు నెలల తర్వాత ఇవాళే ఆడనిచ్చారు బాబాయ్. ఇవాళ కూడా కనబడకపోతే నన్నెవరు పట్టించుకుంటారు?"

"మోకాలెలా ఉంది?" అన్నాడు బాబాయ్.

కింది లీగుకి పడగానే టీవీ డబ్బు ఆగిపోయింది. గంటల లెక్కన అద్దెకివ్వడానికి వీలుగా క్లబ్బువాళ్ళు గడ్డి పీకించి ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ప్లాస్టిక్‌కి నీళ్ళక్కర్లేదు, బాబాయ్ అంతకన్నా అక్కర్లేదు. రెండు నెలలు భార్య కుట్టుమిషన్ పక్కన ఊరికే కూర్చున్నాడు. అప్పుడు బొంగరం ఫోన్ చేశాడు. పెద్ద క్లబ్బులో పని ఉందట, జీతం మూడింతలట.

"వెళ్ళు. ఎక్కడైనా గడ్డి గడ్డేగా," అంది భార్య.

పెద్ద క్లబ్బుకి ఎనిమిది ప్రాక్టీసు మైదానాలు. ఏడింట్లో తివాచీ పరిచినట్టుంది. చివరిది బాబాయ్‌కి అప్పగిస్తూ అసిస్టెంట్ కోచ్ చెప్పాడు: "మీరు అక్కడ చేసేవారే, అలాంటి పాడు మైదానం కావాలండీ. చిన్న టీముల దగ్గరికి వెళ్ళేముందు మావాళ్ళకి అలవాటవ్వాలి." ఎన్నాళ్ళ విద్యో, పైసా ఖర్చు లేకుండా ఎంతమందిని ఆపిందో, దాన్నీ కొనేశారు. ఆయన గడ్డి పెంచాడు, సరిగ్గా ముప్పై.

మూడో వారం అసిస్టెంట్ కోచ్ మళ్ళీ వచ్చాడు. "శనివారం మిల్లు పక్క మైదానంలో మ్యాచ్. అక్కడి గడ్డి మనిషి ఏం చేస్తాడో మీకేమైనా తెలుసా?"

తెలియకేం. ఆ మనిషి పాతికేళ్ళ కిందట బాబాయ్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేసి "గురువుగారూ" అంటాడు. ఈసారి మా టీము గట్టెక్కాలి, ఎడమ గోల్‌పోస్టు ముందు చిత్తడి చేస్తున్నానని మొన్ననే చెప్పాడు.

అసిస్టెంట్ కోచ్ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. కుట్టుమిషన్ పక్కన ఊరికే కూర్చున్న ఆ రెండు నెలలు బాబాయ్ కళ్ళముందు మెదిలాయి.

"ఎడమ గోల్‌పోస్టు ముందు తడుపుతాడు," అన్నాడు, తల ఎత్తకుండా.

పైపు లాక్కెళ్ళి తన ప్రాక్టీసు మైదానంలోనూ ఎడమ గోల్‌పోస్టు ముందే నీళ్ళు పెట్టాడు. శనివారం పెద్ద క్లబ్బు నాలుగు గోల్సు కొట్టింది.

ఆదివారం ఫోన్ మోగింది. భార్య అందిస్తుంటే, ఇంట్లో లేనని చెప్పమన్నాడు.