నా బల్ల మీద ల్యాప్‌టాప్

మా మామ కర్నూలు నుంచి ల్యాప్‌టాప్ కొని తెచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. బస్సులో దారి పొడవునా ఆ నల్ల సంచిని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారట. గద్వాలలో దిగాక ఆటో కుదుపులకు ఏమవుతుందోనని స్టాండు నుంచి ఇంటిదాకా నడిచే వచ్చారు. రాగానే కాళ్లయినా కడుక్కోకుండా తిన్నగా మగ్గాల గదిలోకి వెళ్లి, కిటికీ పక్కనున్న బల్ల మీద దాన్ని పెట్టారు. బల్ల మీదున్న నా గ్రాఫు కాగితాలు, పెన్సిళ్లు, రబ్బరు ముక్క అన్నిటినీ ఒక్క చేత్తో మూలకు నెట్టి మరీ పెట్టారు.

"ఈడైతే ఎలుగు మంచిగొస్తది," అన్నారు.

వెలుగు బాగా వస్తుందని పోరుపెట్టి ఆ బల్లను అక్కడ వేయించుకున్నది నేను. ఆ సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

బల్ల కోసం ఇంత రాద్ధాంతమా అనుకోవద్దు. మాది చీరలు నేసే ఇల్లు. చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచులో రావలసిన బొమ్మను ముందుగా గ్రాఫు కాగితం మీద గడి గడికీ గీసుకోవాలి. ఆ కాగితాన్ని చూసే అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు చెప్పినట్టే మగ్గం మీద పోగులు లేస్తాయి. పెళ్లయి వచ్చిన కొత్తల్లో, ఊరికే కూర్చోలేక ఒకసారి మామిడి పిందె ఒకటి గీసి చూపించాను. అప్పటి నుంచి గీత పని నాదే అయిపోయింది. హైదరాబాదు నుంచి చీరలు కొనే సేటు వచ్చి, చాప మీద చీర పరిపించుకుని, అంచు మీద వేలు పెట్టి "ఇదెవరు గీసిండ్రు?" అని అడిగేవాడు. మా మామ మీసం సవరించుకుని "గీత మా పెద్దకోడలిది" అనేవారు. నేను వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా ఆ మాట నాకు వినబడేది. వినబడే చోటు చూసుకునే నిలబడేదాన్ని లెండి. ఆ ఇంట్లో ఇంకెవరూ నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. సేటు మళ్లీ వచ్చేదాకా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకునేదాన్ని.

ఇప్పుడా మాటకు ఎసరు వచ్చింది. తెచ్చింది మా తోడికోడలు. ఆమె పుట్టిల్లు వనపర్తి. డిగ్రీ చదివింది, నాగర్‌కర్నూలులో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటర్ నేర్చుకుంది. పెళ్లయి మా ఇంటికి వచ్చి ఏడాదైనా కాకముందే మామ వెంటపడింది. ఇప్పుడు అంచులన్నీ కంప్యూటర్లోనే గీస్తున్నారని, తప్పు పోతే రబ్బరుతో తుడిచే బాధ ఉండదని, రంగు మార్చి చూపిస్తే సేటు అక్కడికక్కడే ఒప్పుకుంటాడని పూసగుచ్చినట్టు చెప్పింది. నేను బొమ్మ మార్చమంటే పదిసార్లు ఆలోచించే మనిషి, ఆమె చెప్పగానే కర్నూలు బస్సెక్కారు.

సంచి విప్పే వేళకు ఇల్లంతా అక్కడే చేరింది. మా ఆయన, మరిది మగ్గాల గుంటల్లోంచి లేచి వచ్చారు. నేను మాత్రం ఓ పక్కన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతున్నాను, అంటే చుడుతున్నట్టు కనబడుతున్నాను. కొత్త వస్తువు కదా అని మా అత్త పసుపు కుంకుమ గిన్నెలు పట్టుకుని వచ్చింది. తడి పసుపు వేలు ల్యాప్‌టాప్ మీదికి వెళ్లేలోగా తోడికోడలు, మా ఇంట్లో చిన్నది, దాన్ని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"అత్తమ్మా, నీళ్లు తగలొద్దు. లోపటికి పోతే మొత్తానికే ఖరాబైతది. సంచికి పెట్టు బొట్టు."

మా అత్తది రాయచూరు దిక్కు. కోపమొస్తే కన్నడం బయటికొస్తుంది. "సాకు, సాకు," అంటూ, ఇక చాలన్నట్టు చెయ్యి విదిలించి, సంచికి బొట్టు పెట్టి వెళ్లిపోయింది. అబద్ధమెందుకు, నాకు ఆ క్షణం కడుపు నిండినట్టయింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చిన్నది పనిలోకి దిగిన తీరు అలా ఉంది. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం ముందు చదివింది. గోడకున్న పాత ప్లగ్గు చూసి, ఇది వదులుగా ఉంది, నిప్పురవ్వలు వస్తాయి, మార్పించేదాకా ఛార్జింగ్ పెట్టనని భీష్మించింది. మామ ఆమె చెప్పింది చెప్పినట్టు విని, ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకొచ్చారు. నేను వంటింట్లో ప్లగ్గు కాలిపోయిందని ఎన్నాళ్ల నుంచో మొత్తుకుంటున్నాను. ఆ ప్లగ్గు అలాగే ఉంది.

బ్యాటరీ నిండాక బటన్ నొక్కింది. తెర వెలిగింది. ఏవేవో ప్రశ్నలు అడుగుతుంటే టకటకా జవాబులు కొట్టింది. వైరస్ రాకుండా ఏదో డిస్కు వేసింది. ఊళ్లో ఇంటర్నెట్ షాపులో వాడిన పెన్‌డ్రైవ్ తెచ్చి ఇందులో గుచ్చొద్దని మరిదికి గట్టిగా చెప్పింది. చివరికి నా వైపు తిరిగింది.

"అక్కా, జర మొఖం అటు పెట్టు. పాస్‌వర్డ్ కొడుత."

చేతిలో కండె ఆగిపోయింది. మా ఇంట్లో బీరువా తాళం ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. నా బల్ల ముందు కూర్చుని నన్నే మొహం తిప్పుకోమంటుందా? తిప్పుకున్నాను. తిప్పుకుని గోడనున్న బల్లిని చూస్తూ కూర్చున్నాను.

"ఏందే, మొఖం గట్ల మాడ్చుకున్నవ్?" అని మా ఆయన అడిగాడు.

"పొయ్యి కాడ కూసుంటే మాడదా?" అన్నాను. నేను కూర్చున్నది రాట్నం ముందని ఆయన గమనించలేదు.

కొన్నాళ్లకు సేటు కబురు పంపాడు. కొత్త అంచు కావాలట, గురువారం పొద్దున వచ్చి చూస్తాడట. మామ మా ఇద్దరి వైపూ చూసి, "ఈసారి చిన్నామె చేస్తది," అన్నారు. నాతో, "నువ్వు జర ఆరాం తీస్కో బిడ్డా," అన్నారు. అలసిపోయానని నేనెప్పుడన్నాను?

బుధవారం పొద్దున్నే ఆమె బల్ల ముందు కూర్చుంది. నేను రాట్నాన్ని ఆమె వెనక్కి జరుపుకున్నాను. వెలుగు కోసమని చెప్పాను. తెర మీద చిన్న చిన్న గళ్లు, ఆమె మౌస్ నొక్కినప్పుడల్లా ఒక గడి ఎర్రబడుతోంది. తప్పు దొరుకుతుందేమోనని ఒక్క గడి వదలకుండా చూశాను. కోటకొమ్ము లేచింది. కోట బురుజులాంటి ఆ కొమ్ము పక్కన హంస వచ్చింది, మెడ వెనక్కి తిప్పి తన రెక్కను తనే చూసుకుంటున్న హంస. హంసను నేనూ గీశాను, ఎన్నోసార్లు గీశాను. నా హంసలన్నీ ముందుకే చూస్తాయి. ఇలా తిప్పొచ్చని నాకెందుకు తట్టలేదు? కళ్లు మండాయి. నూలు దుమ్మని చీర చెంగుతో తుడుచుకున్నాను. బాగుందని నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

మధ్యాహ్నం అన్నానికి పిలిచేసరికి అంచు పూర్తయింది. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మగ్గం మీద నుంచి ఎవరు లేచినా పడుగు మీద, అంటే బిగించిన నిలువు పోగుల మీద, గుడ్డ కప్పకుండా లేవకూడదు. గదినిండా నూలు దుమ్ము ఎగురుతుంటుంది, పట్టు మీద పడితే మెరుపు పోతుంది. కప్పకుండా లేచినందుకు మా ఆయన చిన్నప్పుడు మామ చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు. మా ఇంట్లో చేతులు వాటంతటవే కప్పేస్తాయి. ఆ రోజు చిన్నది వైరస్ చూసే ప్రోగ్రాం ఏదో నడుస్తోందని ల్యాప్‌టాప్‌ను తెరిచే ఉంచి, "ఎవ్వరు బంద్ జెయ్యొద్దు," అని చెప్పి అన్నానికి వచ్చింది. తిన్నాక అత్తకు తల దువ్వుతూ కాసేపు కబుర్లు కూడా చెప్పింది.

తిరిగి వెళ్లేసరికి ల్యాప్‌టాప్ మీద మగ్గానికి కప్పే మందపాటి దుప్పటి రెండు మడతలు వేసి ఉంది. చుట్టూ అంచులు లోపలికి దోపి, చంటిపిల్లకు కప్పినట్టు కప్పి ఉంది. తీసి చూస్తే పెనంలా కాలుతోంది. తెర నల్లగా ఉంది.

ఆమె కేకకు అందరూ వచ్చారు. వచ్చినవాళ్లు ల్యాప్‌టాప్‌ను చూసి, తర్వాత నన్ను చూశారు. అత్త చూసింది, మరిది చూశాడు, నా మొగుడు కూడా చూశాడు.

"నన్నేం జూస్తుండ్రు? నేను ముట్టలే!" అన్నాను. నిజం చెబుతున్నా నా గొంతు అబద్ధంలా పలికింది. ఇన్నాళ్లుగా నా మొహం మీద ఏం కనబడుతోందో నాకప్పుడు అర్థమైంది.

మామ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. "నేనే కప్పిన. దుమ్ము వడ్తదని. బంద్ జెయ్యొద్దన్నది గానీ కప్పొద్దనలే గద?"

కొత్త సొమ్మును తనకు తెలిసిన పద్ధతిలో కాపాడుకున్నారు పాపం. లోపల ఫ్యాను ఉందని, పక్కనున్న సందుల్లోంచి వేడి గాలి బయటికి పోవాలని ఆయనకేం తెలుసు? చిన్నది ముక్కు ఎగబీలుస్తూనే ఆ సందులు చూపించింది. దాన్ని చల్లారనిచ్చి మళ్లీ బటన్ నొక్కింది. తెర వెలిగింది. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆమె మాత్రం వెతికి వెతికి, నెత్తి పట్టుకుని కూలబడింది. పొద్దుటి నుంచి చేసిన అంచును ఒక్కసారి కూడా సేవ్ చేయలేదట. అయ్యాక ఒకేసారి చేద్దామనుకుందట.

"రేపు పొద్దుగాల సేటొస్తడు," అన్నారు మామ ఎవరి మొహమూ చూడకుండా. ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయారు. ఆమె గళ్లన్నీ ఖాళీగా ఉన్న తెర ముందు కూర్చుని ఏడుస్తోంది. మొదటి వరస ఎలా మొదలుపెట్టిందో కూడా గుర్తు రావడం లేదంది.

నేను పక్కన నిలబడ్డాను. ఇప్పుడు నేను కాగితం తీసి నా హంసను ముందుకు చూసేట్టు గీసి ఇచ్చేస్తే, రేపు సేటు ముందు ఆ మాట మళ్లీ నాదే. పెన్సిల్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. కానీ కళ్లు మూసినా తెరిచినా ఆ మెడ తిప్పిన హంసే కనబడుతోంది. దాన్ని చూశాక నాది నాకే నచ్చలేదు. అదీ నా కర్మ.

"ఏడ్సుడు ఆపు," అన్నాను. "మొదటి వరసల మూడు గళ్లిడువు. రెండు నింపు. మల్ల ఒకటిడువు."

ఆమె తలెత్తి చూసింది.

"నన్ను జూసుడు కాదు, గళ్లు నింపు."

నేను చెబుతూ పోయాను, ఆమె నింపుతూ పోయింది. కోటకొమ్ము లేచింది. మధ్యలో కరెంటు పోయింది, తెర మాత్రం బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. కొంచెం కొంచెం అయినప్పుడల్లా "సేవ్ జేసినవా?" అని నేను గద్దించాను. కొత్తగా నేర్చుకున్న ఆ మాట అనడం నాకు హాయిగా ఉంది. హంస మెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగింది.

"అక్కా, నాకే యాదికి లేదు. గిదంత నీకెట్ల యాదికున్నది?"

"కండ్లల్ల నిప్పులు వోసుకొని చూసిన, గందుకే," అన్నాను. దాచి లాభమేముంది? "గసుంటి హంస నాకెందుకు రాలేదని కుళ్లుకుంట చూసిన."

ఆమె ఏడుపు మొహంతోనే ఫక్కున నవ్వింది. తర్వాత మౌస్ వదిలేసి నా వైపు తిరిగింది.

"ఒకటి జెప్త, తిట్టవు గద? నేనొచ్చిన కొత్తల సేటొచ్చిండు. గీత మా పెద్దకోడలిది అన్నడు మామ. నేను లోపట చాయ్ పెడుతున్న. పాలు పొంగి పొయ్యిల వడ్డయి, చూసుకోలే. గంత మండింది నాకు. గీ ఇంట్ల నన్ను గట్ల ఎన్నడంటరు అనుకున్న. గందుకే మామ ఎంట వడి ల్యాప్‌టాప్ కొనిపిచ్చిన."

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మాడిన ఆ గిన్నెను బూడిద పెట్టి తోమింది నేనే. తిట్టాలి నిజానికి. తిట్టలేదు. డిగ్రీ చదివిన పిల్ల, కంప్యూటర్ వచ్చిన పిల్ల, నన్ను చూసి పాలు పొంగేంతగా కుళ్లుకుందా! ఆ నల్ల సంచి ఇంట్లోకి వచ్చాక నాకు మొదటిసారి ఆకలేసింది. రెండు రొట్టెలు తెచ్చుకుని, బల్లకు దూరంగా కూర్చుని తిన్నాను. మీటల మీద రొట్టె తునకలు పడతాయని ఆమె దగ్గరికి రానివ్వలేదు.

గురువారం పొద్దున ఆమె ల్యాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టింది. మొహం తిప్పమనలేదు. నేనూ తిప్పలేదు. అప్పటికి ల్యాప్‌టాప్ దగ్గర గుడ్డ అన్నది కనబడకుండా మామ తన తలగుడ్డతో సహా అన్నీ తీసి పక్క గదిలో పెట్టేశారు.

సేటు వచ్చాడు. తెర మీద అంచును చూసి, రంగు మార్పించి చూసి, మళ్లీ మొదటి రంగే బాగుందన్నాడు. హంస మెడ మీద వేలు పెట్టబోతే చిన్నది, "తెర ముట్టొద్దు సేటూ," అంది. చెయ్యి వెనక్కి తీసుకుని అడిగాడు.

"ఇదెవరు గీసిండ్రు?"

మేమిద్దరం గుమ్మంలో నిలబడి ఉన్నాం. మామ మీసం సవరించుకున్నారు. నన్ను చూశారు, ఆమెను చూశారు. న్యాయం తప్పకూడదనుకున్నట్టున్నారు.

"గీత మా ఇద్దరు కోడండ్లది," అన్నారు.

నేను ఆమె వైపు చూశాను. ఆమె మూతి ముడుచుకుంది. నా మూతీ అలాగే ఉండి ఉంటుంది. సగం మాట ఎవరిక్కావాలి? సేటుకు చాయ్ పెట్టడానికని ఇద్దరం వంటింట్లోకి వచ్చి, పాలు పొయ్యి మీద పెట్టి, చెరో గోడకు ఆనుకుని నిలబడ్డాం. అవి పొంగి పొయ్యిలో పడేదాకా ఇద్దరిలో ఒక్కరమూ అటు చూడలేదు.