మునిరత్న నీలం కోటు

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అది గుండెలో లేదు, కుడి అరచేతిలో ఉంది. నవ్వకండి. అన్నం కలిపేటప్పుడు, పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసేటప్పుడు, గ్లోవ్స్ తొడుక్కునేటప్పుడు అది అక్కడే ఉన్నట్టు తెలుస్తూ ఉంటుంది. కాలిన మచ్చ ఏమైనా ఉందా అంటే, అదీ లేదు. ఉంటే బాగుండేదేమో. శిక్ష పడిపోయింది, ఇక నన్ను వదిలేస్తారు అనుకునేదాన్ని.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. నా పేరు చెప్పను. హోసూరులో ఒక బడిలో ఆటల టీచర్ని. సాయంత్రాలు మత్తిగిరిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాను. ఒకప్పుడు దేశం తరఫున గోల్ ముందు నిలబడ్డాను. ఇంత చెప్పినా ఎవరో ఒకరు పోల్చుకుంటారేమోనని ఈ మాటలు రాస్తూనే హడలిపోతున్నాను. నేను పుట్టు పిరికిదాన్ని. మీదికి దూసుకొచ్చే బంతి అంటే భయం లేదు. మనుషులంటే భయం. అందులోనూ మా నాన్న అంటే మరీ.

మునిరత్నది అంచెట్టి దాటాక అడవి అంచున ఒక పల్లె. వాళ్ల నాన్న నంజప్పకు కాస్త రాగి చేను, కొన్ని ఆవులు. చాలాకాలం పిల్లలు లేకపోతే మునేశ్వరుడికి మొక్కుకున్నాడట, అప్పుడు పుట్టింది, అందుకే ఆ పేరు. ఆ ఊరికి బస్సులు తక్కువ. అందుకని ప్రాక్టీసు ఉన్నన్నాళ్లూ మునిరత్న మత్తిగిరిలో మా ఇంట్లోనే ఉండేది. ఒకే చాప మీద పడుకునేవాళ్లం. ఒకే సబ్బుతో గ్లోవ్స్ ఉతుక్కునేవాళ్లం. ఇద్దరం గోల్‌కీపర్లమే. తను నాకంటే బాగా ఆడేది. ఈ మాట నేను అప్పుడు ఎవరి దగ్గరా అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

పదిహేడేళ్ల లోపు అమ్మాయిల జాతీయ జట్టును ఎంచుకునే చివరి క్యాంపుకి మా ఇద్దరికీ పిలుపు వచ్చింది. అక్కడ ఎంపికైన జట్టు విదేశానికి వెళ్తుంది, ఇతర దేశాల పిల్లలతో ఆడుతుంది. మీ ఇద్దరిలో ఒకరికే చోటు దొరుకుతుంది, మనసులు సిద్ధం చేసుకోండి అని మాకు ఆట నేర్పే సార్ ముందే చెప్పారు. క్యాంపుకి వెళ్లేవాళ్లకి నీలం ట్రాక్‌సూట్ పంపారు, కోటు వీపు మీద పేరు అచ్చువేసి. మునిరత్నది ముందు వచ్చింది. నాది ఇంకా రాలేదు.

పాలిటెక్నిక్‌లో చదివే అబ్బాయి ఒకడు అదే మైదానంలో ఆడేవాడు. ఒక ఆదివారం పొద్దున బండి మీద సూళగిరి దాకా వెళ్లి కాఫీ తాగి వద్దామన్నాడు. నేను సరే అన్నాను. హోసూరు చలి మీకు తెలుసో లేదో, ఆ నెలల్లో పొద్దున పూట పళ్లు టకటకలాడతాయి. నేను బయల్దేరుతుంటే మునిరత్న తన ఒంటి మీది కోటు విప్పి నా చేతిలో పెట్టింది. "ఈ చలికి ఉట్టిదే పోతావా? ఇది ఏసుకో పో" అంది. హైవే పక్కన హోటల్లో కాఫీ తాగాం. పెనాల్టీ కొట్టేటప్పుడు కీపరు ముందే ఒక పక్కకి దూకాలా, బంతి కదిలేదాకా ఆగాలా అని వాదించుకున్నాం. తిరిగొచ్చాం. అంతకుమించి ఏమీ లేదు. ఆ అబ్బాయి ముఖం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.

కానీ ఆ దారిలోనే సూళగిరి సంతకు టమాటాలు దించడానికి వచ్చిన వ్యాను ఒకటి మా వెనకే వచ్చింది. దాని డ్రైవరుది మునిరత్న వాళ్ల ఊరే. నా ముఖానికి స్కార్ఫ్ ఉంది. అతనికి కనిపించింది బండి మీద ఒక ఆడపిల్ల వీపు, దాని మీద తెల్లటి అక్షరాల్లో ఒక పేరు. ఊరికి పోయి ఆ పేరే చెప్పాడు.

నంజప్ప మరునాడే వచ్చాడు. కేకలు వేయలేదు, కొట్టలేదు. వేసి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. మమ్మల్నిద్దరినీ మైదానం చివర ఉన్న మునేశ్వరుడి దగ్గరికి రమ్మన్నాడు. గుడంటూ ఏమీ లేదు, పసుపు రాసిన రాయి, పక్కన శూలం, అంతే. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన మా నాన్న కూడా వెంట వచ్చాడు. ఇలాంటి మాట నీ గురించి చెవిన పడిందంటే ఆ రోజుతో నీ ఆట ఆఖరు అని ఆయన నాకు ఎప్పుడో చెప్పి ఉంచాడు. ఆయన ఒకసారి అంటే అన్నట్టే.

"నాయనా, నేను యాడికీ పోలేదు. కోటు దానికిచ్చినాను. చలిగా ఉండాదని ఇచ్చినాను" అంది మునిరత్న. గొంతులో బెరుకు లేదు. నేను ఒప్పుకుంటానని తనకు గట్టి నమ్మకం.

నంజప్ప జేబులోంచి కర్పూరం పొట్లం తీశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. మా వైపు చేను గట్టు తగాదా వచ్చినా, ఆవు పోయినా, ఎవరి మీదైనా నింద పడినా చివరికి తేలేది అక్కడే. దేవుడి ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి మాట చెబితే అదే సత్యం. ఆ తర్వాత పెద్దలూ నోరెత్తరు, పోలీసులూ అక్కర్లేదు. అబద్ధమాడితే ఆ మంట వాళ్ల ఇంటిని వెతుక్కుంటూ వస్తుందని మా అవ్వ చెప్పేది.

"పాపా, నిన్ను నేను తప్పు పట్టలేదమ్మా. మా బిడ్డ చెప్పింది నిజమా కాదా, దీన్ని ఆర్పి ఒక్క మాట చెప్పు. ఇంక నేను ఎవర్నీ అడగను" అన్నాడు నంజప్ప.

"చెప్పు. మన ఇంట్లో అబద్ధాలు ఆడేవాళ్లు లేరు" అన్నాడు మా నాన్న.

చెయ్యి పైకెత్తాను. అది నా చెయ్యిలా లేదు. మంట మీద కొట్టాను, చురుక్కుమంది, ఆరిపోయింది. "నేను ఏసుకోలేదు మామా. కోటు నాకియ్యలేదు" అన్నాను.

మునిరత్న నన్ను తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. తను గబగబా వచ్చి నా చెయ్యి లాక్కుని అరచేతిని తిప్పి చూసింది. కళ్ల నిండా భయం. తన కోసం కాదు, నా కోసం.

"అయ్యో, ఎంత పని చేసినావే! సామితో ఆటలా? నీకేమన్నా అయితే ఎట్లనే?"

నంజప్ప దాన్ని నాటకం అనుకున్నాడు. ఆయనను తప్పుపట్టలేను. కన్నబిడ్డ మాట ఒక పక్క, దేవుడి ముందు ఆరిన కర్పూరం ఒక పక్క. ఆయన లోకంలో కర్పూరం తప్పు చెప్పదు. సాయంత్రం బస్సుకే తీసుకుపోయాడు. కొన్నాళ్లకే వాళ్ల అమ్మ తమ్ముడికి ఇచ్చి పెళ్లి చేశారు. మళ్లీ తను గోల్ ముందు నిలబడలేదు. ఆ నీలం కోటు ఏమైందో నేను అడగలేదు.

నేను క్యాంపుకి వెళ్లాను. జట్టులో చోటు వచ్చింది. విదేశంలో, ఇరు దేశాల జెండాల ముందు జాతీయగీతం పాడుతుంటే అందరికీ ఒళ్లు పులకరించింది. నాకు జలదరించింది. ఇక్కడే జరుగుతుంది, ఈ చేతిలోంచే బంతి జారిపోతుంది, ఇంత మంది చూస్తుండగా సామి నా పరువు తీస్తాడు అనుకున్నాను. జరగలేదు. పెనాల్టీ వచ్చింది. బంతి కదిలేదాకా ఆగి కుడి పక్కకి దూకాను. ఆ అరచేతికే తగిలి బయటికి పోయింది. మా జట్టు పిల్లలు నన్ను ఎత్తుకుని ఎగిరారు. నేను ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడుస్తోంది అనుకున్నారు. శిక్ష ఇక్కడ పడలేదంటే ఇంకెక్కడో ఉందన్నమాట. ఇంకా పెద్దది.

అప్పటి నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నాను. కొడుకు పుట్టినప్పుడు అందరూ ముక్కు ఎవరిది, కళ్లు ఎవరివి అని చూస్తుంటే నేను వాడి గుప్పిళ్లు విప్పి అరచేతులు చూశాను. వంటింట్లో గ్యాస్ వాసన వస్తే ముందు వాణ్ణి బయటికి లాక్కుపోతాను. మా ఇంట్లో హారతి మా ఆయనే ఇస్తాడు. నేను కర్పూరం ముట్టను. పొగ పడదని చెప్పాను. అదీ అబద్ధమే.

చాలా ఏళ్ల తర్వాత, సెలవులయ్యి బడి తెరిచిన రోజుల్లో, మునిరత్న వచ్చింది. పక్కన పొడుగాటి కూతురు, కావేరి. హాస్టల్లో చేర్చి, నా దగ్గర ఆట నేర్పించాలని. నన్ను చూసి నవ్వలేదు, ముఖం తిప్పుకోలేదు.

"మీ దగ్గర వదిలిపెట్టి పోతా ఉండాను టీచరమ్మా" అంది.

టీచరమ్మా. మీరు. ఒకే చాప మీద పడుకున్న మనిషి! ఎందుకు నా దగ్గరికే తెచ్చింది? ఈ చుట్టుపక్కల ఆడపిల్లలకు నేర్పించేది నేను ఒక్కదాన్నే కాబట్టా? కళ్లెదుట పెట్టి రోజూ గుర్తు చేయడానికా? ఏదో ఒక రోజు పదిమందిలో చెప్పేస్తుందని వణికాను. తను చెప్పలేదు. కావేరికి నేర్పించాను. బాగా నేర్పించాను. అది ప్రాయశ్చిత్తం అనుకునేరు, కాదు. ఆ పిల్ల చేతుల్లో వాళ్లమ్మ ఆట ఉంది, కావాలన్నా చెడగొట్టలేం.

మొన్న కావేరికి పిలుపు వచ్చింది. అదే వయసు జట్టు, అలాంటి చివరి క్యాంపు. నీలం కోటు కూడా వచ్చింది. ఇంట్లో తాత నంజప్ప వద్దన్నాడు. ఒకసారి పోయిన పరువు చాలన్నాడు. మునిరత్న బతిమాలితే చివరికి ఒక మాట చెప్పి పంపాడు. ఆ మాట మునిరత్నే వచ్చి నాకు చెప్పింది, నేల చూస్తూ.

"మీరు మునేశ్వర సామి ముందర కర్పూరం ఆర్పి పూచీ పడితే పంపుతాడంట. ఆ యమ్మ సత్యం తప్పే మనిషి కాదు అంటాడు."

ఆ అబద్ధం వల్లే ఆయనకు నా మీద ఇంత నమ్మకం. పూచీ పడటం ఎంతసేపు? పిల్లను జాగ్రత్తగా చూసుకుంటాను అనడం నిజమే కదా? కానీ అదే రాయి, అదే చెయ్యి. పోనీ నిజం చెబుదామా? చెబితే నా మాటకు విలువ పోతుంది, పిల్ల ఆగిపోతుందేమో. చెప్పకపోతే ఆ ఇంట్లో మునిరత్న చచ్చేదాకా తప్పు చేసిన పిల్లే. నిజం చెబుతున్నాను, ఆ పూట జ్వరం వచ్చి పడుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను.

పొద్దున్నే అందరూ మైదానం చివరి ఆ రాయి దగ్గరికి వచ్చారు. నంజప్ప బాగా ముసలివాడైపోయాడు. ఆయనే కర్పూరం వెలిగించాడు. నేను చెయ్యి ఎత్తలేదు.

"మామా, ఆ పొద్దు ఆ కోటు ఏసుకొని బండి మీద పోయింది నేనే. మీ బిడ్డ నిజమే చెప్పింది. మా నాయనకు భయపడి అబద్ధమాడినాను" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. వాళ్లకు వినిపించింది.

కర్పూరం దానంతటదే కాలి అయిపోయింది. నంజప్ప మెల్లగా నేల మీద కూలబడ్డాడు. "కర్పూరం ఆర్పి చెప్పినావు గదమ్మా" అన్నాడు. మళ్లీ అదే అన్నాడు.

మునిరత్న పొట్లంలోంచి ఇంకో బిళ్ల తీసింది. వెలిగించింది. "నా బిడ్డకు నేను పూచీ. ఈ పొద్దన్నా నా మాట నమ్ము నాయనా" అని అరచేత్తో కొట్టి ఆర్పింది. ముసలాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తల మాత్రం ఊపాడు.

తను కూతురి కోటు జిప్పు మెడదాకా లాగింది. నా పక్క నుంచే వెళ్తుంటే "రత్నా" అని పిలిచాను. అలా పిలిచి ఎన్నేళ్లయిందో.

"బస్సుకు టైమాయె టీచరమ్మా" అంది.

అంతే. క్షమించాననలేదు. అనాల్సిన అవసరమూ లేదు. కావేరి విన్నది, ఆ పిల్ల వెళ్తూ నా వైపు చూసిన చూపుకే ఇంకా వణుకుతున్నాను. మిగతా పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది? మా ఆయనకు? బడిలో? భయం నన్నేమీ వదల్లేదు. మీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రాయి ముందు నేను చెప్పింది సగమే.

నాయనకు భయపడ్డానన్నాను. నిజమే. కానీ చెయ్యి ఎత్తినప్పుడు, కిందికి దించే లోపల, మునిరత్న నడుముకి దోపుకున్న గ్లోవ్స్ నా కంటపడ్డాయి. ఇక ఆ చోటు నాదే అనుకున్నాను. అనుకుని సంతోషపడ్డాను. అంత భయంలోనూ సంతోషపడ్డాను. నాయనంటే భయం లేకపోయినా ఆ చెయ్యి దించి ఉండేదాన్నేమో.

ఈ మాట ఇంతవరకు దేవుడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాశాను. ఈ చేత్తోనే.