తలుపు మీది ముఖం

రూసే పట్నంలో మా కింది వాటాలో స్పాస్ ఉంటాడు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కప్పు. భార్య నెవెనా పోయాక ఆల్బములన్నీ ఫోనులోకి ఎక్కించి, ఫొటోలను పొయ్యిలో వేశాడు. రెండో కుర్చీని పైవాటా రాడ్కాకి ఇచ్చేశాడు. రోజూ కాఫీ తాగి కప్పు కడిగి బోర్లిస్తాడు. అతను దగ్గితే ఖాళీ గోడలు కూడా దగ్గుతాయి. మా ఊళ్లో పోయినవాళ్ల ఫొటో అచ్చువేసిన కాగితాన్ని వీధి తలుపుకి అంటిస్తారు, ఏటేటా కొత్తది. ఈసారి సంవత్సరీకానికి ముందే ఫోను చచ్చిపోయింది. "ఇందులో ఏమీ మిగల్లేదు పెద్దాయనా," అన్నాడు ఫోన్లు బాగుచేసే షాపువాడు. అచ్చువేయించడానికి ఆమె ముఖమే లేదు.

నిన్న స్పాస్ నిరుటి కాగితాన్ని తడిగుడ్డతో తలుపు నుంచి ఊడదీస్తుంటే రాడ్కా మెట్ల మీంచి కేకేసింది.

"ఏమయ్యా, రెండో కుర్చీ ఉంటే నెవెనా వచ్చి కూర్చుంటుందని భయపడి నాకిచ్చేశావు! ఇప్పుడీ చిత్తుకాగితం దేనికి?"

"అరవకు రాడ్కా. ఆ కింది అంచు పట్టుకో. ఇది చిరిగితే ఇంక ఆమె లేదు."

రాడ్కా దిగి వచ్చి అంచు పట్టుకుంది. కాగితం చిరగకుండా ఊడింది. ఎండకు ఫొటోలో నెవెనా కళ్లు వెలిసిపోయాయి, పెదవి చివర నవ్వు మాత్రం మిగిలింది. స్పాస్ దాన్ని రెండు చేతులమీదా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"రాడ్కా, ఆ కుర్చీ ఇంకా ఉందా?"