నిమిషానికి తొంభై రెండు

మా అన్నయ్య కెల్విన్ మా వంటింట్లో ఆఖరిసారి చేసిన పని, ఒక చదరపు బ్యాటరీని నాలుకకు ఆనించి చూడటం. నాలుక చురుక్కుమంటే అందులో ఇంకా సత్తువ ఉన్నట్టు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి, ఏడేళ్ళప్పుడు పెట్టినట్టే మొహం పెట్టి, "గట్టిగానే కరిచింది పిల్లా" అన్నాడు. ఆ బ్యాటరీని తన దీపానికి తగిలించి, దీపాన్ని సింకు మీది కిటికీ గట్టున పెట్టాడు. అది వెలుగుతూ ఆరుతూ ఉండగా మాంసం కూరిన పాస్టీ సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టుకున్నాడు.

"దీన్ని ఇక్కడే ఉండనీ లోర్నీ. ఏప్రిల్‌లో పనికొస్తుంది."

"ఏప్రిల్‌కి ఇంకా ఎనిమిది నెలలుంది" అన్నాను, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా.

అది సోమవారం. మంగళవారం పొద్దున ఆయన లేవలేదు. గుండె ఆగిందన్నారు. దీపం మాత్రం గురువారం మధ్యాహ్నం దాకా ఆగలేదు. పక్కనే ఆపే మీట ఉంది. నా చెయ్యి అటు వెళ్ళలేదు. ఆ రెండున్నర రోజులూ కప్పులు కడిగినా, వసారాలో నడిచినా దాని తాళానికే కడిగాను, నడిచాను. ఇరవై ఏళ్ళుగా ఊరి బ్యాండు నడుపుతున్నదాన్ని. ఏది కొట్టుకుంటున్నా లెక్కపెట్టకుండా ఉండలేను. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషానికి తొంభై రెండు. మా కవాతు వేగం నూట పదహారు.

మళ్ళీ తప్పే, అనుకున్నాను. అన్నయ్య పోయాక ఆయన గురించి నాకు వచ్చిన మొదటి ఆలోచన అది.

అన్నయ్య మా రేవులో గోధుమలు ఓడలకెత్తే బెల్టుల మరమ్మతు చేసేవాడు. బ్యాండులో పెద్ద డ్రమ్ము ఆయనది. నలభై ఒక్క ఏళ్ళు ఇంకెవరూ ఆ కర్ర పట్టలేదు. ఆయనకున్న లోపం ఒక్కటే, జనం కనబడితే ఉత్సాహం ఆగదు. కిందటేడు, యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే ఆంజాక్ కవాతులో పోస్టాఫీసు దగ్గర నూట పదహారుతో బయలుదేరి, స్మారకస్తంభం చేరేసరికి నూట ముప్పై చేశాడు. కార్నెట్లు ఊదేవాళ్ళకు ఊపిరి అందలేదు. వెనక నడిచే పాత సైనికులు చెల్లాచెదురయ్యారు. అందరిలో పెద్దవాడు, తొంభై దాటిన ఆల్ఫ్ పెంగెల్లీ, మేము పాట ముగించి వాద్యాలు దించాక ఒక్కడే వీధి మధ్యలో కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. నేను ముందు నిలబడి బ్యాండును చూస్తున్నాను, అటు చూడలేదు. అన్నయ్య చూశాడు.

నేను చూసింది వేగాన్నే. "ఇంకొక్కసారి తాళం తప్పితే డ్రమ్ము ట్రెవర్‌కిస్తాను అన్నయ్యా. చెల్లెలినని మొహమాటపడను" అన్నాను. ట్రెవర్ మా చిన్న డ్రమ్ము కుర్రాడు.

మా దగ్గర జూన్‌లో మొదలయ్యే ఆ చలికాలమంతా రైల్వే యార్డు వెనక షెడ్డులో గడిపాడు. అక్కడ రిటైరైన మగవాళ్ళు బల్లలూ పిచ్చుకగూళ్ళూ చేసుకుంటారు. అన్నయ్య మనవడి వయసువాళ్ళు చదివే పుస్తకం ముందేసుకుని, బిస్కెట్టంత పలకకు వైర్లు అతికించుకుంటూ కూర్చున్నాడు. పలక మీద నల్లటి చిప్పు, ఒక చిన్న దీపం, తిప్పడానికి ఒక గుండ్రటి మీట. మీట తిప్పితే దీపం మిణుకు వేగం మారుతుంది. అరవై వేలను నూట పదహారుతో భాగిస్తే ఒక అడుగుకి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుందని నాకు పాస్టీ కాగితం మీద లెక్క వేసి చూపించాడు. డ్రమ్ము అంచుకు బిగిస్తే ఆయన ఒక్కడికే కనబడుతుంది. ఇక పరుగెత్తడు.

మొదటి రిహార్సల్‌లో బ్యాండంతా శవయాత్రలా కదిలింది. దీపం ఒక అడుగంతా వెలిగి, ఇంకో అడుగంతా ఆరి ఉండేట్టు రాశాడట. రెండూ కలిపి ఒక అడుగు కావాలి కదా. సగం వేగం వచ్చింది.

ట్రాంబోన్ ఊదే బ్యాజ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒరేయ్ కెల్, ఎవర్ని పాతిపెట్టడానికిరా వెళ్తున్నాం?"

"నిన్నేరా. నీ శ్రుతి ఎప్పుడో చచ్చింది, మర్యాదగా సాగనంపుదామని."

మరుసటి వారానికి సరిచేశాడు. నూట పదహారంటే నూట పదహారే, తాళం కొట్టే నా మెట్రోనోముతో పక్కపక్కన పెట్టి చూశాను. వెంట్రుకంత తేడా లేదు. ఆ రోజు ఆయన అంత సంతోషంగా ఉండటం చూసి నేనూ టీ కొట్లో లామింగ్టన్ కేకు కొనిపెట్టాను. డ్రమ్ము ఆయనదే అని మళ్ళీ అందరికీ చెప్పాను.

ఈ ఏడాది ఏప్రిల్ ఇరవై ఐదు. పోస్టాఫీసు దగ్గర చెయ్యి ఎత్తాను, దించాను. మొదటి దెబ్బే బరువుగా పడింది. రెండోది ఎంతకీ రాలేదు. కార్నెట్లు ముందుకు దూకి, వెనక్కి తగ్గి, తడబడ్డాయి. తిరిగి చూశాను. అన్నయ్య తల వంచి దీపం వంకే చూస్తున్నాడు. కళ్ళతో సైగ చేశాను, త్వరగా అని. తల ఎత్తలేదు. తొంభై ఎనిమిది. వీధంతా అదే వేగంతో నడిచాం. నాకు చెవులు కాలిపోయాయి.

హాల్లో టీ పోస్తున్న చోట, అందరి ముందే అన్నాను. "నీ దీపం మళ్ళీ అబద్ధం చెప్పింది. అన్నయ్యా, ఇక చాలు."

"బ్యాటరీ దిగిపోయినట్టుంది లోర్నీ."

"బ్యాటరీ దిగితే వెలుగు తగ్గుతుంది, తాళం తగ్గదు. నువ్వే నేర్పావు నాకు."

బ్యాజ్ కల్పించుకోబోయాడు. "పోనీలే అమ్మా, మా ముసలి ఊపిరితిత్తులకి హాయిగానే ఉంది..."

"నువ్వుండు బ్యాజ్. వచ్చే ఏడాది డ్రమ్ము ట్రెవర్‌ది."

అన్నయ్య డ్రమ్ము కర్రను టీ కప్పుల పక్కన పెట్టాడు. "సరే పిల్లా" అన్నాడు. ఏదో చెప్పబోయినట్టు ఆల్ఫ్ కూర్చున్న వైపు ఒకసారి చూసి, తన టీ అందుకున్నాడు. ఆల్ఫ్ మెడల్స్ మెరుస్తుంటే బిస్కెట్ టీలో ముంచుకుంటూ పక్కవాళ్ళతో పోట్లాడుతున్నాడు. "చూశారా? నడవలేనివాళ్ళ జీపెక్కమన్నారు నన్ను! ఒక్క అడుగు వెనకపడ్డానా? మీ బ్యాండుతో సమానంగా నడిచాను!" అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అంత్యక్రియల తర్వాత వారానికి ఆల్ఫ్ కూతురు జాయిస్ ఖాళీ కేకు డబ్బా తిరిగివ్వడానికి వచ్చింది. కిటికీ గట్టున ఆరిపోయిన దీపాన్ని చూసి, డబ్బా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

"ఇది నీ దగ్గరుందా! నాన్న అడుగుతున్నాడు, కెల్ గుండె మిషను ఏమైందని."

"గుండె మిషనా?"

"నాన్న అలాగే అనుకున్నాడు. చొక్కా జేబులో మిణుకుమంటుంటే. ప్రతి గురువారం మీ అన్నయ్య వచ్చి నాన్నను జెట్టీ దాకా నడిపించేవాడుగా, ఏడాది పైనుంచి. నాన్న నడుస్తుంటే పక్కన ఈ మీట తిప్పుకుంటూ, అడుగుకి అడుగు కుదిరేదాకా. నీకు చెబుదామంటే ఒద్దనేవాడు. తన కోసం బ్యాండు నెమ్మదించిందని ఎవరి నోటనైనా వింటే నాన్న ఆ పూటే జీపెక్కుతాడు, మళ్ళీ నడవడు అనేవాడు."

నేను కుర్చీ లాక్కున్నాను. జాయిస్ డబ్బా బల్ల మీద పెట్టి, దీపాన్ని వేలితో తాకింది.

"ఈ చలికాలం నాన్నను బాగా కుంగదీసింది లోర్నా. ఏప్రిల్‌లో తొంభై ఎనిమిది నడిచాడు. ఆ ఆఖరి గురువారం కెల్ మా గేటు దగ్గర నిలబడి చాలాసేపు తిప్పాడు. తొంభై రెండు దగ్గర ఆపాడు."