కుట్లు లేని ఆపరేషన్

నా తోటికోడలు పోయింది. యారాడ నుంచి చేపల బుట్టతో వచ్చి, పూర్ణా మార్కెట్‌లో నా పక్కన కూర్చునేది కదా, ఆ మనిషే. మొప్పలు ఎత్తి చూసి, బేరమైనా ఆడకుండా వెళ్ళిపోయేవాళ్ళను వెనక్కి పిలిచేది: "సేప సచ్చిపోనాది గానీ నాను బతికే ఉన్నానమ్మా, నాతో మాటాడు!" నవ్వుకుంటూ కొనేవాళ్ళు. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మీరు రాసిపెడుతున్నారు. ఒక్క మాట మెత్తగా రాసినా ఊరుకోను.

"ఆ గొట్టం వైద్యమే సంపేసినాది" అంటున్నారు మా వాళ్ళు. అబద్ధం.

గర్భసంచిలో గడ్డ వల్ల నెలనెలా రక్తం పోయి పోయి ఆమె పాలిపోయింది. డాక్టర్లు కోత పెట్టకుండా, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డకు రక్తం అందకుండా చేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఆమె మొగుణ్ణి, అంటే మా మరిదిని, ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పింది. గడ్డ ఎండుతుందట. సంచి లోపలి పొర కూడా దెబ్బతిని ఊడి, మళ్ళీ కొత్తగా పెరగాలట. కొన్నాళ్ళు నీరు పోతుందట. కానీ జ్వరం వచ్చినా, చెడు వాసన వచ్చినా వెంటనే తీసుకురావాలట. పక్కనే ఉండి నేనూ విన్నాను.

మా ఇళ్ళలో ఆడదాన్ని కూర్చోబెట్టేవి కుట్లే. కుట్లు పడితే బుట్ట ఎత్తనివ్వరు, బలానికని సొరచేప పుట్టు కూర చేసి పెడతారు. ఆమెకు కుట్లు లేవు. చూడవచ్చిన ఆడవాళ్ళే ఎగతాళి చేశారు.

"ఏటే, కుట్లు సూపించు! ఉత్తినే పడుకున్నావేటి?"

"లోపలంతా పచ్చిపుండే అప్పా" అని నవ్వింది. వారం తిరక్కుండానే బుట్ట ఎత్తించారు.

నేను మంచాన పడ్డ రోజుల్లో నా చేపలు ముందు అమ్మి, తనవి మిగుల్చుకున్న మనిషి ఆమె. తనకు ఒళ్ళు కాలుతుంటే మాత్రం ఎవరికీ చెప్పలేదు. మాటిమాటికీ కోక మార్చుకునేది. వాసన వస్తూనే ఉంది. చేపలమ్మే ఇంట్లో వాసనను ఎవరు అనుమానిస్తారు? బుట్టలు కడిగారు, గోనెలు ఉతికారు, వాకిట్లో ఫినాయిల్ పోశారు.

నేను నుదురు పట్టి చూసి, ఆసుపత్రికి పదమన్నాను. మరిది అడ్డం తిరిగాడు.

"కుట్లే లేవు కదొదినా, సీము ఎక్కడ పడతాది?"

"నోర్ముయ్‌రా! లోపల పొర ఊడిపోతాదని ఆ డాక్టరమ్మ సెప్పలేదేటి?"

తోటికోడలు లేచి నా చేతిలో కంచం పెట్టింది. "ముందు తినక్కా, తర్వాత తిట్టు." నా కోపాన్ని ఎప్పుడూ ఆ మాటతోనే ఆపేది. ఆ పూటా ఆగిపోయాను. మర్నాడు స్పృహ తప్పాక మోసుకెళ్ళారు. లోపల చీము పట్టి, విషం ఒంటికి ఎక్కిందన్నారు. తిరిగి రాలేదు.

పరామర్శకు వచ్చి తలరాత అన్నవాళ్ళకు నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

నిన్న మళ్ళీ బజారులో కూర్చున్నాను. ఎదుటి వరసలో రొయ్యలమ్మే పిల్ల మెల్లగా నా పక్కకు జరిగింది. మా తోటికోడల్ని చూసి, ఈ పిల్ల కూడా ఈమధ్యనే ఆ గొట్టం వైద్యం చేయించుకుంది.

"పిన్నీ, నిన్నట్నించి జొరం. మా ఇంట్లో సేపల వాసనే అంటన్నారు. నాకేటో బయమేత్తంది."

రెక్క పట్టుకుని లేపి, ఆటో ఎక్కించాను. ఇద్దరి సరుకూ మూత లేకుండా నేలమీదే ఉండిపోయింది. ఆటో మలుపు తిరుగుతుంటే చూశాను. గోడమీది పిల్లులు ఒక్కొక్కటీ కిందికి దిగుతున్నాయి. సరుకు కోసం ఆ పిల్ల దిగబోయింది. నేను చెయ్యి వదల్లేదు.